ట్రెబుల్ నాబ్ పక్కన బొట్టు

నా ఎలక్ట్రిక్ గిటారు శబ్దం మీద ఎవరో దుప్పటి కప్పినట్టుందని మొదటిసారి అనిపించినప్పుడు, తప్పు గిటారుదేననుకున్నాను.

అప్పటికి దాన్ని కొని ఎక్కువ కాలం కాలేదు. కాలేజీ రోజుల్లో పెళ్ళిళ్ళకీ జాతరలకీ ఆర్కెస్ట్రాతో తిరిగి వాయించినవాణ్ణి. తర్వాత రామచంద్రపురంలో జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పే ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పాత గిటారు ఎవరికో ఇచ్చేశాను. ఏళ్ళ తరబడి దాని ఊసే లేదు. మళ్ళీ కదిపింది మాతోపాటు ఆర్కెస్ట్రాలో పాడిన స్నేహితుడు. వాడిది సముద్రం మీద వేటకి వెళ్ళే కుటుంబం. వాడు మాత్రం రాజమండ్రిలో చేపల వ్యాపారం పెట్టుకుని స్థిరపడ్డాడు. పొద్దున్నే సరుకంతా ఐసు పెట్టెల్లో సర్ది పంపించేశాక ఇక వాడికి రోజంతా పాటలే. ఒకరోజు ఫోన్ చేసి, "ఒరే, నాకు పాడాలనుందిరా. వెనకాల వాయించేవాడు లేక ఫోన్లో ట్రాకులు పెట్టుకుని పాడుతున్నాను. సిగ్గుగా ఉంది. రా" అన్నాడు.

వాడి గొడౌన్ మేడ మీద ఖాళీ గదిలో ఆదివారాలు కలవడం మొదలుపెట్టాం. కీబోర్డు వాయించే ఆయనొకరు, డ్రమ్స్ వాయించే కుర్రాడొకడు, వాడూ నేనూ. పాత సినిమా పాటలు. అందుకోసమే ఆ గిటారు కొన్నాను.

ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద పికప్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ చుట్టలు చుట్టలుగా. పైన తీగ కదిలితే ఆ కదలికని పట్టుకుని, శబ్దాన్ని పెంచి వినిపించే యాంప్‌కి పంపించేది అదే. నా గిటారుకి అలాంటివి రెండు, ఒక్కొక్కదాంట్లో రెండేసి కాయిల్స్. రెండు కాయిల్స్‌నీ ఒకదాని వెనక ఒకటిగా కలిపితే శబ్దం మందంగా, నిండుగా వస్తుంది. ఒకదాన్ని తప్పించి ఒక్కదానితోనే నడిపితే సన్నగా, గాజుపలక మీద ఎండ పడినట్టు మెరుస్తూ వస్తుంది. కాకపోతే దాంతోపాటు కరెంటు హోరు కూడా వస్తుంది. రెండింటినీ పక్కపక్కన కలిపితే ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంటుంది. ఒక్కో పికప్ నుంచి వచ్చే నాలుగు వైర్లని ఎలా కలిపామన్న దాన్నిబట్టి అదే గిటారు వేరే గిటారైపోతుంది. ఇవన్నీ నేను వీడియోలు చూసి నేర్చుకున్నవే.

కంపెనీ వాళ్ళు ఇచ్చిన వైరింగ్ నాకు నచ్చలేదు. ఒక ఆదివారం డైనింగ్ టేబుల్ మీద పేపర్లు పరిచి, గిటారుని బోర్లా పడుకోబెట్టి, వెనక మూత విప్పాను. వైర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోపు మా ఆవిడ వచ్చి, లోపలి వైర్ల గుట్టని చూసి, "ఇదంతా తిరిగి లోపల పడుతుందా అండీ?" అని అడిగింది. ఆమె హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. కోనసీమలో పౌరోహిత్యం చేసే ఇంటిపిల్ల. మాటలు తక్కువ, అన్నమాట మీద నిలబడే మనిషి. గిటారు గురించి ఆమెకి ఆసక్తీ లేదు, అయిష్టమూ లేదు. ఇంట్లో నేను వాయించడమంటే ఆమెకి ఫ్యాను తిరగడం లాంటిది.

మొదట రెండు కాయిల్స్‌లో ఒకదాన్ని తప్పించే స్విచ్ పెట్టాను. వాల్యూమ్ నాబునే పైకి లాగితే స్విచ్ పడుతుంది. మూత బిగించి యాంప్‌కి తగిలిస్తే దుప్పటి తీసేసినట్టు అనిపించింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. కొన్ని నెలలకి మళ్ళీ అదే మందం. ఈసారి టోన్ నాబ్ దగ్గరున్న చిన్న కెపాసిటర్ మార్చాను. అది ఎంత పెద్దదైతే పైస్థాయి శబ్దాలని అంత ఎక్కువగా మింగేస్తుంది కాబట్టి చిన్నది వేశాను. మళ్ళీ బాగుంది, మళ్ళీ మూసుకుపోయింది. చివరికి టోన్ నాబ్‌కి వెళ్ళే వైరే కత్తిరించి పారేశాను.

తర్వాత పెడల్స్. కాలితో తొక్కితే శబ్దాన్ని మార్చే చిన్న చిన్న ఇనుప డబ్బాలు. శబ్దాన్ని చింపినట్టు గరగరలాడించే డిస్టార్షన్ ఒకటి, వాయించిన దాన్ని ప్రతిధ్వనిలా మళ్ళీ మళ్ళీ వినిపించే డిలే ఒకటి, గాల్లో ఊగుతున్నట్టు చేసే కోరస్ ఒకటి. వాటిని ఏ వరసలో పెట్టాలన్నదే ఒక పెద్ద పని. డిలే ముందు పెట్టి డిస్టార్షన్ వెనక పెడితే ప్రతిధ్వనులన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దైపోతాయి. అటుదిటు చేస్తే విడివిడిగా వస్తాయి. సాయంత్రం కాలేజీ నుంచి రాగానే ముందుగదిలో నేల మీద కూర్చుని వాటిని మారుస్తూ ఉండేవాణ్ణి. ఇప్పుడు హాస్టల్లో ఉన్న మా కూతుర్ని చిన్నప్పుడు కూడా అంత ఓపిగ్గా ఆడించలేదని మా ఆవిడ అంటుండేది. ఏ పెడల్ కొన్నా పైస్థాయి శబ్దాలని పెంచే ట్రెబుల్ నాబ్ మాత్రం నా చేతిలో చివరిదాకా తిరిగేది.

ఆ రోజుల్లోనే మా ఆవిడ జవాబుపత్రాలు దిద్దుకోవడానికి పెరట్లోకి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ గాలి బాగుంటుందనుకున్నాను.

మేడ మీద మా స్నేహితుడు మాత్రం ఒకసారి అన్నాడు. "ఒరే, ఈ మధ్య నీ గిటార్లో ముళ్ళెక్కువైపోయాయిరా. పాట మింగుడుపడట్లేదు."

"అది స్పష్టత అంటార్రా. ప్రతి తీగా విడిగా వినపడుతుంది" అన్నాను.

"అంతేనంటావా" అని ఊరుకున్నాడు. వాడు మామూలుగా ఊరుకునే రకం కాదు. ఊరుకున్నాడంటే నన్ను నొప్పించడం ఇష్టం లేకేనని అప్పుడు తోచలేదు.

తర్వాత కోరుకొండలో ఒక షష్టిపూర్తికి మమ్మల్ని పిలిచారు. మా స్నేహితుడి దగ్గర సరుకు తీసుకునే హోటలాయన బంధువులది. పొద్దున్న కొండెక్కి స్వామి దర్శనం చేసుకుని వచ్చారు, భోజనాల వేళకి కింద ఫంక్షన్ హాల్లో మా పాటలు. రేకుల కప్పు, నున్నటి బండలు. శబ్దం ఎటు పడితే అటు ఎగిరి తిరిగి వచ్చే హాలు. నాకు నా గిటారు సరిగ్గా వినపడలేదు. ట్రెబుల్ చివరికి తిప్పాను. రెండో పాటలో డిస్టార్షన్ తొక్కాను. ముందు వరసలో ఒక పెద్దావిడ కొంగుతో చెవి మూసుకుంది. ఫ్యాను గాలికేమో అనుకున్నాను. ఆమె పక్కనావిడ ఒళ్ళో ఉన్న పసివాడు ఏడుపు లంకించుకున్నాడు. సౌండ్ బాక్సుల దగ్గరున్నతను నా వైపు చూసి ఏదో తగ్గించాడు. నాకు అసలే వినపడలేదు కదా, నేను పెంచాను. అతను మళ్ళీ తగ్గించాడు. నేను మళ్ళీ పెంచాను. మా స్నేహితుడు పాట మధ్యలో నా వైపు తిరిగి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. భయం లాంటిదేదో ఉంది.

భోజనాల దగ్గర ఆ ఇంటి అల్లుడుగారు నా విస్తరి దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "బాగా వాయించారండి. ఆయ్. మీ చేతిలో పనుందండి. ఏవనుకోకండి, మా మావయ్యగారు ఆ గిటారు బాబు తాలూకు డబ్బా ఏదో పాడైనట్టుంది, పాపం చూసుకోమని చెప్పమన్నారండి." ఆయన నవ్వుతూ, ఎంతో మర్యాదగా చెప్పారు. నేనూ నవ్వాను. పులిహోర సగం విస్తట్లోనే వదిలేసి లేచాను.

ఇంటికొచ్చాక మా ఆవిడకి జరిగింది చెప్పాను. ఆ హాలు మంచిది కాదని, సౌండతనికి పని రాదని చెప్పాను. ఆమె అంతా విని, చేతిలో ఉన్న పెన్ను మూత పెట్టి పక్కన పెట్టింది.

"థర్మామీటర్ గుర్తుందా అండీ?" అంది.

"ఏ థర్మామీటర్?"

"మీకు జ్వరం వచ్చినప్పుడు కొన్నది. బీప్ కొట్టడం లేదు, పాడైపోయిందని పారేశారు."

"అవును. పాడైపోయింది."

"పాడవలేదండి. అది కొట్టింది. నేను వంటింట్లోంచి విన్నాను."

భుజానున్న గిటారు దించి ఆమె ఎదుట కూర్చున్నాను.

"జ్వరం మీద పరాకుగా ఉన్నారనుకున్నానప్పుడు. తర్వాత వాషింగ్ మెషీన్ అరుస్తుంటే పక్కనే కూర్చుని కూడా మీరు కదల్లేదు. అప్పుడు అనుమానం వచ్చింది. మీ గిటారు ఈ మధ్య నాకు పళ్ళు జివ్వుమనేలా ఉంటోందండి. తగరపు రేకు మీద మేకుతో గీస్తున్నట్టు. చెబుదామనే అనుకున్నాను. చెబితే, గిటారంటే ఇష్టం లేక వంకపెడుతున్నానని అనుకుంటారేమోనని..." అని ఆగిపోయింది.

పెరడు గుర్తొచ్చింది. గాలి కోసం కాదన్నమాట.

క్లాసు కూడా గుర్తొచ్చింది. వెనక బెంచీల్లో ఆడపిల్లలు గొణుగుతున్నారని, నోరు తెరిచి చెప్పమని ఈ మధ్య తరచూ విసుక్కుంటున్నాను. వాళ్ళు మామూలుగానే చెబుతున్నారేమో.

మర్నాడే ఇద్దరం సెలవు పెట్టి రాజమండ్రిలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నన్నొక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. శబ్దం వినపడగానే నొక్కాలి. పరీక్ష చేసే అమ్మాయి అద్దం అవతల కూర్చుంది. మొదట బొంగురు శబ్దాలు వచ్చాయి, నొక్కాను. క్రమంగా సన్నబడుతూ వచ్చాయి, నొక్కుతూ పోయాను. కాసేపటికి నిశ్శబ్దం. పరీక్ష అయిపోయిందనుకుని తల తిప్పి అద్దంలోంచి చూశాను. ఆ అమ్మాయి అయిపోయినట్టు లేచిపోలేదు. ఆమె చెయ్యి మిషను మీద కదులుతూనే ఉంది. ఒక్కో శబ్దం పంపించి, నా వేలి కోసం ఆగి, మళ్ళీ ఇంకొకటి పంపిస్తోంది. నాకు మాత్రం ఏమీ రావడం లేదు. ఆ గదిలో కూర్చుని ఆమె చేతివైపు చూస్తూ ఉండిపోయిన ఆ కాసేపూ నా జీవితంలో అన్నిటికన్నా నిశ్శబ్దమైన సమయం.

డాక్టరుగారు కాగితం మీద గీత చూపించారు. ఎడమ పక్క తిన్నగా నడిచి, సగం దాటాక కాలువ గట్టు దిగినట్టు కిందికి జారిపోయింది. "పైస్థాయి శబ్దాలు రెండు చెవుల్లోనూ తగ్గాయండి. కొంత వయసు, కొంత పెద్ద శబ్దాల మధ్య గడపడం. పోయింది తిరిగి రాదు. ఉన్నది జాగ్రత్త చేసుకోవాలి."

"గిటారు వాయించొచ్చా అండి?" అన్నాను.

"ఎంత గట్టిగా వాయిస్తారు?"

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ చెప్పింది. "బాగా గట్టిగానేనండి."

ఆయన నవ్వారు. మితంగా వాయించమన్నారు, వినికిడి మిషను రాసిచ్చారు. ఆ గీత వంక చూస్తుంటే నేను తీసేసిన కెపాసిటరూ, కత్తిరించిన వైరూ, చివరిదాకా తిప్పిన నాబులూ అన్నీ అందులో వరసగా కనిపించాయి. ఆ గట్టు జారిన చోటల్లా నేను గిటారుతో మట్టి పోసి పూడ్చాలని చూశాను.

తిరుగు బస్సు మండపేట దాటాక ఏదో లారీ అడ్డంగా ఆగి రోడ్డు మూసుకుపోయింది. మా డ్రైవరు ఇంజను ఆపేశాడు. అసురసంధ్య వేళ. రెండు పక్కలా వరిచేలు. కిటికీలోంచి తడి నేల వాసన వస్తోంది.

"కీచురాళ్ళు అరుస్తున్నాయా?" అని అడిగాను.

మా ఆవిడ కిటికీ వైపు తల వంచి విని, "అరుస్తున్నాయండి" అంది. ఇంకోసారి విని, "గట్టిగానే" అంది. కావాలంటే ఆమె అబద్ధం చెప్పొచ్చు. చెప్పనందుకు లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాను.

వినికిడి మిషను క్లాసుకి బాగా పనికొచ్చింది. ఆడపిల్లల మాటలు మళ్ళీ మొదలూ చివరా తేలాయి. గిటారుకి మాత్రం పనికిరాలేదు. యాంప్ ముందు కూర్చుంటే అది ప్రతి స్వరాన్నీ వణికించి, దానికి తోచిన మెరుగులు దిద్ది నా చెవిలో పోసేది. తీసి పక్కన పెట్టేవాణ్ణి. తీస్తే మళ్ళీ దుప్పటి. కొన్ని వారాలు ఆదివారాలు మానేశాను. ఒంట్లో బాలేదని మా స్నేహితుడికి చెబితే, "సరే, తగ్గాకే రా" అన్నాడు. ఏమైందని అడగలేదు.

గిటారు అమ్మేద్దామనుకుంటున్నానని ఒకరోజు భోజనం దగ్గర అన్నాను. మా ఆవిడ తినడం ఆపి, "మీకు వినపడకపోతే నాకు వినపడుతుంది కదండీ" అంది. "నాకు గిటారు తెలియదు. బాగుందో బాలేదో మాత్రం తెలుస్తుంది. మీరు వైర్లు కలపండి, నేను కూర్చుంటాను."

ఆ ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ టేబుల్ మీద పేపర్లు పరిచాను. కత్తిరించిన వైరు తిరిగి అతికించాను. పాత కెపాసిటర్ తిరిగి వేశాను. పికప్‌ల నాలుగేసి వైర్లనీ బయటికి లాగి, ముందు తాత్కాలికంగా కలుపుతూ ఒక్కో రకం వినిపించాను.

"ఎలా ఉంది?"

"బానే ఉందండి."

"బానే అంటే ఎలా?"

"బానే అంటే బానే. ఇంకెలా చెప్పను?"

మా ఇద్దరి మధ్యా దానికి మాటల్లేవు. వీడియోల్లో విన్న మాటలు ఆమెకి తెలియవు, అవి చెప్పినా నాకిప్పుడు అక్కర్లేదు. ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం. ఆమె లేచివెళ్ళి టీ పెట్టుకొచ్చింది. ఆ తర్వాత మెల్లగా మాటలు దొరికాయి. కాయిల్స్ ఒకదాని వెనక ఒకటి కలిపినది విని, "ముద్దపప్పులా ఉంది. మంచిదే, పాటంతా ఇదే అయితే వెగటు" అంది. ఒక్క కాయిల్‌ది విని భుజాలు బిగించింది. "దీనికేనండీ నేను పెరట్లోకి పోయింది." రెండు పికప్‌లనీ కలిపి, కాయిల్స్‌ని పక్కపక్కన కలిపినది వినిపించాను. వాయిస్తూ ఆమెని చూశాను. కుర్చీలో వెనక్కి వాలింది.

"ఇది ఉంచండి" అంది. "ఇది పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది."

నాకది గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టుంది. నేనుగా అయితే దాన్ని ఎన్నటికీ ఎంచుకోను. ఒకటికి రెండుసార్లు అడిగాను, మళ్ళీ అన్నీ వరస మార్చి, ఏది ఏదో చెప్పకుండా వినిపించాను. మళ్ళీ దానినే పట్టుకుంది. ఐరన్ వేడిచేసి అతుకులు వేసేశాను.

పెడల్స్ దగ్గర ఇంకొకటి తెలిసింది. డిలే తొక్కి ఒక్క స్వరం మీటి వదిలేశాను. అది తిరిగి తిరిగి వచ్చి, సన్నబడి, ఆగిపోయింది. "అయిపోయిందిగా" అని తీగ మీద చెయ్యి వేయబోతే మా ఆవిడ వేలెత్తి ఆపింది. కళ్ళు మూసుకుని ఇంకా వింటోంది. నాకు ఏమీ లేని చోట ఆమెకి ఇంకా ఏదో వస్తోంది. ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి కళ్ళు తెరిచి, "ఇప్పుడయిందండి" అంది. నేను ఇన్నాళ్ళూ ఒక స్వరం పూర్తికాకుండానే మీద ఇంకొకటి వేస్తూ వచ్చానన్నమాట.

డిస్టార్షన్ పెడల్ మీద ట్రెబుల్ ఎంతవరకు తిప్పాలో ఆమే చెప్పింది. మర్చిపోతానని, నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి ఆ నాబ్ పక్కన అంటించింది. నాబ్ మీది గీత అక్కడిదాకా. దాటకూడదు.

స్విచ్ ఒకటి మాత్రం తీయలేదు. వాల్యూమ్ నాబ్ పైకి లాగితే ఇప్పటికీ ఒక్క కాయిలే మోగుతుంది. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నప్పుడు, యాంప్ చిన్నగా పెట్టుకుని, అది లాగి వాయించుకుంటాను. కొంచెం సేపు. ఒకనాడు ఆమె బడి నుంచి పెందలాడే వచ్చేసింది. నేను చూసుకోలేదు. పాట అయ్యాక తలెత్తితే గుమ్మంలో చెప్పులు విప్పకుండా నిలబడి ఉంది.

"మీకు బాగుందా అండీ?" అని అడిగింది.

"బాగుంది."

"నాకు ఘోరంగా ఉంది" అని నవ్వి లోపలికి వెళ్ళింది.

ఏది నా గిటారు అన్న ప్రశ్న అప్పుడప్పుడూ వస్తుంది. నాకు వినపడేదా, వాళ్ళకి వినపడేదా? ఇదివరకు ఆ రెండూ ఒకటేననుకుని బతికేశాను. అసలు ఎప్పుడైనా ఒకటేనా అన్నది కూడా ఇప్పుడు అనుమానమే. జవాబు దొరికిందని చెప్పను. నలుగురిలో వాయించేటప్పుడు మాత్రం ఆ వాల్యూమ్ నాబ్ లోపలికే నొక్కి ఉంచుతాను. అక్కడ నాకు తెలిసేది వేళ్ళ కింద తీగ బిగువు, ఎదుటివాళ్ళ మొహాలు.

మళ్ళీ మేడ మీదికి వెళ్ళినరోజు మా స్నేహితుడికి సంగతంతా చెప్పాను. చెవిలో మిషను తీసి చూపించాను. వాడు దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు. ఒక పాట అందుకున్నాం. చరణం అయ్యాక ఆపి, నా వైపు చూశాడు.

"బాగుందిరా. దీని మీద పాడొచ్చు." ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు. "నాకూ ఒకటుంది. ఆ పై స్వరం నాకు అందట్లేదురా, చాన్నాళ్ళయింది. నీ గిటారు అరుపులో ఎవరికీ తెలియట్లేదు కదాని నేనూ ఊరుకున్నాను. ఇప్పుడు తెలిసిపోద్ది."

"అయితే శ్రుతి దించుదాం" అన్నాను.

కీబోర్డాయన ఎంత దించాలని అడిగాడు. మా స్నేహితుడు మెల్లగా పాడి చూసుకున్నాడు, ఇంకొంచెం దించమన్నాడు, మళ్ళీ పాడాడు. ఆ స్థాయిలో ఆ పాట మేమెప్పుడూ వాయించలేదు. అలవాటైన చోట్లన్నీ పోయాయి. నేను గిటారు మెడ మీద కొత్త చోట్లు వెతుక్కుంటూ ఉంటే, వాడు తొందరపెట్టకుండా మొదటి మాట దగ్గరే ఆగి నిలబడ్డాడు.